1977 గ్లాస్గో జిల్లా కౌన్సిల్ ఎన్నిక: 30 స్థానాలు గెలిచిన పార్టీ ప్రతిపక్షంలో కూర్చోవడం

కృష్ణాతీరం:
స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో చదువుకుంటున్నాను. ఈ నగర రాజకీయ చరిత్ర మీద ఒక వ్యాసం రాయవలసి వచ్చి పాత ఎన్నికల ఫలితాలు తిరగేస్తుండగా ఒక విషయం అర్థం కాలేదు. 1977 మే 3న గ్లాస్గో నగర జిల్లా కౌన్సిల్‌లోని 72 స్థానాలకు ఎన్నిక జరిగితే లేబర్ పార్టీకి 30, కన్సర్వేటివ్ పార్టీకి 25, స్కాట్లాండ్ స్వాతంత్ర్యం కోరే స్కాటిష్ నేషనల్ పార్టీకి (ఎస్‌ఎన్‌పీ) 16, లిబరల్ పార్టీకి 1 వచ్చాయి. అందరికంటే ఎక్కువ స్థానాలు లేబర్‌కే ఉన్నా, ఆ తరువాత నగరాన్ని నడిపింది మాత్రం కన్సర్వేటివ్‌లు. ఇది ఎలా సాధ్యమైంది? అప్పట్లో స్ట్రాత్‌క్లైడ్ అనే మరో పెద్ద కౌన్సిల్ కూడా ఉన్నట్టు కనిపిస్తున్నది. అది ఉండగా ఈ జిల్లా కౌన్సిల్ చేతిలో ఉన్న అధికారం ఏమిటి? పెద్దలు వివరిస్తే మేలు చేసినవారవుతారు.

పాతపేట పంతులు:
మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలితే తప్ప మొదటిది తేలదు.

స్కాట్లాండ్ స్థానిక పాలనను సంస్కరించడానికి 1966లో నియమించిన వీట్లీ కమిషన్ 1969లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 1973లో చట్టం వచ్చి, 1975 మే 16 నుంచి అమలయింది. అప్పటిదాకా ఉన్న కౌంటీలను, బర్గ్‌లు అనే పట్టణ పాలక సంస్థలను తీసివేసి రెండు అంచెల ఏర్పాటు చేశారు. పై అంచెలో 9 రీజియన్లు, కింది అంచెలో 53 జిల్లాలు. ఆర్క్నీ, షెట్లాండ్, పశ్చిమ దీవులకు మాత్రం ఒకే అంచె పాలన. పాఠశాలలు, పోలీసు, అగ్నిమాపక దళం, తాగునీరు, ప్రధాన రహదారులు, సాంఘిక సంక్షేమం రీజియన్ చేతిలో ఉండేవి. ఇళ్లు, చెత్త తొలగింపు, ఉద్యానవనాలు, ప్రజారోగ్య తనిఖీలు, లైసెన్సులు, చాలాచోట్ల గ్రంథాలయాలు జిల్లా చూసుకునేది.

ఈ జిల్లాల పరిమాణం చూస్తే మనకు ఆశ్చర్యం కలుగుతుంది. ఉత్తరాన నేర్న్ జిల్లా జనాభా పది వేల దరిదాపుల్లో ఉండేది, మన దగ్గర ఒక పెద్ద మేజర్ పంచాయతీ పాటి. గ్లాస్గో జిల్లాలోనేమో లక్షల మంది. పైగా స్ట్రాత్‌క్లైడ్ రీజియన్ ఒక్కటే 19 జిల్లాలతో స్కాట్లాండ్ జనాభాలో దాదాపు సగాన్ని కప్పేసింది. అందువల్ల గ్లాస్గో పౌరుడు తన పిల్లల బడి గురించి ఒక కౌన్సిల్‌ను, తన ఇంటి పైకప్పు కారుతుంటే మరో కౌన్సిల్‌ను అడగవలసి వచ్చేది. రెండు కౌన్సిళ్లూ రేట్లు అనే ఆస్తి పన్నులోంచే వాటా తీసుకునేవి కాబట్టి, పన్ను పెరిగినప్పుడు తప్పు ఎవరిదో చెప్పడం ఓటరుకు కష్టమయ్యేది. నా దృష్టిలో ఆ వ్యవస్థకున్న అసలు జబ్బు అదే.

ఎన్నికలు కూడా వేరువేరుగా జరిగేవి. రెండు అంచెలకూ తొలి ఎన్నికలు 1974 మేలో జరిగాయి. ఆ తరువాత జిల్లాలకు 1977, 1980, 1984, 1988, 1992లోనూ, రీజియన్లకు 1978, 1982, 1986, 1990, 1994లోనూ జరిగాయి. మొదట్లో జిల్లా సభ్యులకు మూడేళ్ల గడువే పెట్టడం వల్ల ఈ తేడా వచ్చింది.

లెక్కలరాజు:
మొదటి ప్రశ్నకు లెక్క చెబుతాను. 72లో మెజారిటీ అంటే 37. లేబర్‌కు 7 తక్కువ, కన్సర్వేటివ్‌లకు 12 తక్కువ. ఏకైక లిబరల్ సభ్యుడు ఎటు మొగ్గినా ఫలితం మారదు. కాబట్టి మొత్తం ఆట ఆ 16 మంది ఎస్‌ఎన్‌పీ సభ్యుల చేతిలో పడింది. వారు లేబర్‌తో కలిస్తే 46, కన్సర్వేటివ్‌లతో కలిస్తే 41, ఎవరితోనూ కలవకుండా పక్కన కూర్చుంటే ఎవరికీ మెజారిటీ లేదు.

స్కాట్లాండ్ కౌన్సిల్‌లో ముఖ్యమంత్రిని పిలిచి ప్రమాణం చేయించే గవర్నర్ వంటి వారెవరూ లేరు. ఎక్కువ స్థానాలు వచ్చిన పార్టీయే పాలించాలన్న నియమమూ లేదు. కౌన్సిల్ కమిటీల అధ్యక్ష పదవులకు ఓటింగ్ జరిగిన రోజున సభలో ఎవరిని ఓడించలేకపోతే వారే పాలకులు. ఆ విధంగా కన్సర్వేటివ్‌లు మైనారిటీగానే పాలన చేపట్టారు. జాన్ యంగ్ 1977 నుంచి 1979 వరకు కౌన్సిల్ నాయకుడిగా ఉన్నారు. గ్లాస్గోను నడిపిన చివరి కన్సర్వేటివ్ నాయకుడు ఆయనే. తరువాత చాలా ఏళ్లకు, 1999లో, అప్పుడే కొత్తగా ఏర్పడిన స్కాటిష్ పార్లమెంటుకు కూడా ఎన్నికయ్యారు.

ఓరుగల్లు:
లెక్క బాగుంది గానీ, దీనిని స్థానిక ఎన్నిక అని పిలవడమే నాకు అభ్యంతరం. 1977లో గ్లాస్గో ఓటరు చెత్త బండి కోసమో పార్కు కోసమో ఓటు వేశాడంటే నేను నమ్మను. లండన్‌లో లేబర్ ప్రధాని కాలహన్ ప్రభుత్వం మీద ఉన్న కోపం అక్కడ తీర్చుకున్నాడు, అంతే. మన దగ్గర మునిసిపల్ ఎన్నికలలో కూడా కాలువల పూడిక గురించి మాట్లాడేవారు ఎందరు, రాష్ట్ర ప్రభుత్వం గురించి మాట్లాడేవారు ఎందరు?

పాతపేట పంతులు:
ఓరుగల్లు గారి మాటలో చాలా భాగం నిజం. ఆ ఎన్నికకు ముందు జరిగిన వాటిని వరుసగా పెట్టి చూడండి.

1974 అక్టోబర్ సాధారణ ఎన్నికలలో ఎస్‌ఎన్‌పీ స్కాట్లాండ్‌లో 30 శాతానికి పైగా ఓట్లతో 11 మంది ఎంపీలను గెలిపించుకుంది. ఉత్తర సముద్రపు చమురు స్కాట్లాండ్‌దేనన్న ప్రచారం అప్పుడు జోరుగా ఉండేది. 1976 చివర బ్రిటన్ అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థ నుంచి అప్పు తీసుకోవలసి వచ్చి, ప్రభుత్వ వ్యయంలో కోతలు పడ్డాయి. స్కాట్లాండ్‌కు సొంత శాసనసభ ఇస్తామన్న బిల్లు మీద చర్చకు గడువు విధించే తీర్మానం 1977 ఫిబ్రవరి 22న కామన్స్ సభలో ఓడిపోయింది. సొంత సభ్యులలో కొందరే అడ్డు తిరగడంతో ప్రభుత్వం పరువు పోయింది. మార్చిలో లిబరల్ పార్టీతో ఒప్పందం కుదుర్చుకుంటే తప్ప నిలబడలేని స్థితి వచ్చింది. మే 3న జిల్లా ఎన్నికలు. ఇంత జరిగాక లేబర్‌కు దెబ్బ తగలకపోతేనే వింత.

అయితే తరువాత ఏం జరిగిందో కూడా చూడాలి. 1977 ఫలితాలను చూసి ఎస్‌ఎన్‌పీ ఇక ఆగదని చాలామంది అనుకున్నారు. 1978 ఏప్రిల్ 13న గ్లాస్గోలోనే గార్‌స్కాడెన్ ఉప ఎన్నిక వచ్చింది. లేబర్ తరఫున నిలబడిన డోనాల్డ్ డ్యూవర్ 4,552 ఓట్ల ఆధిక్యంతో ఎస్‌ఎన్‌పీని ఓడించారు. నెలన్నర తరువాత హామిల్టన్‌లో ఎస్‌ఎన్‌పీ ప్రముఖురాలు మార్గో మక్డోనాల్డ్‌ను లేబర్ అభ్యర్థి జార్జ్ రాబర్ట్‌సన్ ఓడించారు. 1979 మార్చి 1 ప్రజాభిప్రాయ సేకరణలో 51.6 శాతం మంది శాసనసభ కావాలన్నారు గానీ, మొత్తం ఓటర్లలో 40 శాతం మద్దతు ఉండాలన్న షరతు వల్ల అది నీరుగారింది. మార్చి 28న ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. ఆ మేలో జరిగిన సాధారణ ఎన్నికలలో ఎస్‌ఎన్‌పీ 11 నుంచి 2 స్థానాలకు దిగజారింది. 1980 జిల్లా ఎన్నికల నాటికి కన్సర్వేటివ్ నాయకురాలు థాచర్ ప్రధాని కావడంతో గాలి పూర్తిగా తిరిగి, గ్లాస్గో మళ్లీ భారీ మెజారిటీతో లేబర్ చేతికి వచ్చింది. అంటే 1977 నాటి ఆ 16 స్థానాలు ఎస్‌ఎన్‌పీ వేళ్లూనుకున్నందుకు గుర్తు కావు. ఒక ఏడాది వీచిన గాలికి పడిన కాయలు అవి.

క్లైడ్‌గట్టు:
ముప్పై ఏళ్లకు పైగా ఈ ఊరిలో ఉంటున్నవాడిగా ఇద్దరితోనూ సగమే ఏకీభవిస్తాను. చెత్త బండి కోసం ఓటు వేయలేదన్నది సరే. కానీ ఇళ్ల సంగతి?

1970లలో స్కాట్లాండ్ కుటుంబాలలో సగానికి పైగా ప్రభుత్వ సంస్థల ఇళ్లలో అద్దెకు ఉండేవి. వాటిలో సింహభాగం కౌన్సిల్ ఇళ్లే. గ్లాస్గోలో ఆ వాటా ఇంకా ఎక్కువ. పాత టెనమెంట్లను (ఎన్నో కుటుంబాలు కలిసి ఉండే అంతస్తుల భవనాలను) కూలగొట్టి జనాన్ని డ్రమ్‌చాపెల్, ఈస్టర్‌హౌస్, కాసిల్‌మిల్క్, పొల్లాక్ వంటి శివారు కాలనీలకు, రెడ్ రోడ్ వంటి ఎత్తైన భవనాలకు తరలించారు. అక్కడికి వెళ్లినవారికి సొంత స్నానాల గది దొరికింది గానీ చాలా ఏళ్ల పాటు దుకాణాలు, బస్సులు సరిగా దొరకలేదు. గోడల్లో చెమ్మ ఒక పెద్ద సమస్య. ఆ ఇంటి యజమాని ఎవరు? జిల్లా కౌన్సిల్. అద్దె ఎంతో నిర్ణయించేది ఎవరు? జిల్లా కౌన్సిల్. మరమ్మతు కోసం ఉత్తరం రాస్తే జవాబు రానిది ఎవరి దగ్గర నుంచి? అదే కౌన్సిల్. నగరంలో అత్యధికులకు ఇంటి యజమానే పాలకుడైన చోట, ఓటు వేసేటప్పుడు ఆ సంగతి గుర్తుకు రాదంటే ఎలా?

దానికితోడు కౌన్సిల్ ఇళ్లను అద్దెదారులకు అమ్మాలా వద్దా అన్నది ఆనాటి పార్టీల మధ్య అసలైన తగాదా. కన్సర్వేటివ్‌లు అమ్మాలన్నారు, లేబర్ వద్దన్నది. 1980లో స్కాట్లాండ్‌కు వేరే చట్టం చేసి అద్దెదారుకు కొనుక్కునే హక్కు కల్పించాక ఆ నిర్ణయం జిల్లా చేయి దాటిపోయింది. ఆ హక్కును స్కాటిష్ పార్లమెంటు చేసిన చట్టం ద్వారా 2016 ఆగస్టు 1న రద్దు చేసేదాకా లక్షల ఇళ్లు అమ్ముడుపోయాయి. ఇక గ్లాస్గో తన దగ్గర మిగిలిన 80 వేల పైచిలుకు ఇళ్లను 2003లో ఒక గృహ సంఘానికి మొత్తంగా అప్పగించింది. ఒకప్పుడు ఐరోపాలోనే పెద్ద ఇంటి యజమానులలో ఒకటైన కౌన్సిల్‌కు ఈ రోజు అద్దెకిచ్చే ఇల్లు ఒక్కటి కూడా లేదు. 1977 ఓటరు ఎన్నుకున్న కౌన్సిల్, ఇప్పటి కౌన్సిల్ పేరుకే ఒకటి.

ఓరుగల్లు:
క్లైడ్‌గట్టు గారి వాదన బలంగానే ఉంది. కానీ ఇళ్లే కారణమైతే, ఎడిన్‌బరోలోనూ ఉత్తరాన ఉన్న హైలాండ్స్‌లోనూ కూడా ఓట్లు అదే దిశలో కదలడానికి కారణం వేరే చూపాలి గదా. అన్నిచోట్లా ఒకేసారి లేబర్ తగ్గడం, 1980లో అన్నిచోట్లా ఒకేసారి పెరగడం స్థానిక కారణాలతో పొసగదు.

అరసవల్లి:
ఓరుగల్లు గారూ, హైలాండ్స్‌ను ఈ లెక్కలోకి తేకండి. అక్కడి జిల్లాలలో పార్టీలే లేవు. సదర్లాండ్, లోకాబర్, స్కై అండ్ లోకాల్ష్, బాడెనాక్ అండ్ స్ట్రాత్‌స్పే వంటి చోట్ల సభ్యులలో అత్యధికులు స్వతంత్రులుగానే నిలబడేవారు. పోటీ లేక ఏకగ్రీవమైన వార్డులు కూడా తక్కువేమీ కాదు. ఊరి వైద్యుడో, గొర్రెల రైతో, బడి నుంచి విశ్రాంతి తీసుకున్న ప్రధానోపాధ్యాయుడో కౌన్సిలర్. దక్షిణాన బోర్డర్స్ ప్రాంతంలోనూ అదే రీతి. కాబట్టి 1977లో స్కాట్లాండ్ మొత్తానికి ఇంత శాతం ఓట్లు అని పట్టిక వేసినప్పుడు, అందులో ఓటే పడని వార్డులు ఉన్నాయని గుర్తుంచుకోవాలి. ఆర్క్నీ, షెట్లాండ్, పశ్చిమ దీవుల కౌన్సిళ్లలో నేటికీ స్వతంత్రులదే పైచేయి.

నేను ఉండే ఎడిన్‌బరో సంగతి పూర్తిగా వేరు. ఇక్కడ కన్సర్వేటివ్‌లు మొదటి నుంచీ బలవంతులు. లేబర్ మొట్టమొదటిసారి ఈ నగరాన్ని తన సొంత బలంతో గెలుచుకున్నది 1984 జిల్లా ఎన్నికలలో. అప్పటి కౌన్సిల్ వెంటనే రేట్లు, ఖర్చుల విషయమై స్కాట్లాండ్ శాఖ మంత్రి జార్జ్ యంగర్‌తో తలపడింది. అంతకు ముందే 1981లో పై అంచెలోని లోథియన్ రీజియన్‌తోనూ ఆయనకు ఇదే గొడవ. అంటే ఒకే నగరంలో రెండు అంచెలూ కేంద్రంతో విడివిడిగా యుద్ధం చేశాయి. 1984లో ఎడిన్‌బరోలో ఓటరు థాచర్‌కు వ్యతిరేకంగా ఓటు వేశాడా, కౌన్సిల్ సేవలు కాపాడుకోవడానికి వేశాడా అంటే, ఆ రెంటినీ విడదీయడం నాకైతే సాధ్యం కావడం లేదు. కేంద్రం కోతలు పెట్టినప్పుడు స్థానిక విషయమే జాతీయ విషయం అవుతుంది.

క్లైడ్‌గట్టు:
1988 కూడా అలాంటిదే. ఆస్తితో పని లేకుండా తలకు ఇంత అని వేసే పోల్ టాక్స్‌ను ఇంగ్లండ్ కంటే ఒక ఏడాది ముందే, 1989 ఏప్రిల్ 1 నుంచి, స్కాట్లాండ్‌లో అమలు చేయబోతున్నారు. దానికి దాదాపు పదకొండు నెలల ముందు జిల్లా ఎన్నికలు జరిగాయి. లేబర్‌కు దాదాపు 43 శాతం ఓట్లు వచ్చాయి, ఎస్‌ఎన్‌పీ మళ్లీ లేచి కన్సర్వేటివ్‌లను మూడో స్థానానికి నెట్టింది. ఆ నవంబర్‌లో గ్లాస్గోలోని గోవన్ ఉప ఎన్నికలో ఎస్‌ఎన్‌పీ అభ్యర్థి జిమ్ సిల్లర్స్ లేబర్ కోటను బద్దలు కొట్టారు. కౌన్సిల్ వసూలు చేసే పన్ను, పార్లమెంటు చేసిన చట్టం. ఇది స్థానికమా, జాతీయమా?

లెక్కలరాజు:
మీరంతా ఓటరు మనసులో ఏముందో వెతుకుతున్నారు. నా ఫిర్యాదు వేరు. ఓటరు మనసులో ఏమున్నా, లెక్కించే పద్ధతి దానిని వంకరగా చూపించింది. అప్పటి పద్ధతి వార్డుకు ఒక్క సభ్యుడు, ఎక్కువ ఓట్లు వచ్చినవాడిదే గెలుపు, అచ్చం మన అసెంబ్లీ ఎన్నికల లాగే. ముగ్గురు సమానంగా పోటీ పడితే 35 శాతంతో గెలవవచ్చు. మిగతా 65 శాతం ఓట్లు గాలిలో కలిసినట్టే. అందుకే 1977లో ఓట్లు కొద్దిగా కదిలితే స్థానాలు కుప్పలుగా కదిలాయి, 1980లో తిరిగి కదిలినప్పుడూ అలాగే.

ఈ వంకర ఎంత దూరం పోగలదో చూడాలంటే 1996లో జిల్లాలు పోయాక గ్లాస్గోలో జరిగిన 2003 ఎన్నిక చూడండి. ఏక అంచె నగర కౌన్సిల్‌లో 79 స్థానాలు. లేబర్‌కు వచ్చిన ఓట్లు సగానికి కాస్త తక్కువ. స్థానాలు మాత్రం 71. ఎస్‌ఎన్‌పీకి సుమారు 20 శాతం ఓట్లు వస్తే మూడే స్థానాలు. స్కాటిష్ సోషలిస్టులకు 15 శాతం దాటినా ఒక్కటే. సభలో ప్రతిపక్షం ఒక బల్ల చుట్టూ కూర్చుంటే సరిపోయేది. దీనిని ప్రజాతీర్పు అనడానికి నాకు నోరు రాదు.

2003లో స్కాటిష్ పార్లమెంటులో లేబర్‌తో సంకీర్ణానికి లిబరల్ డెమోక్రాట్‌లు పెట్టిన షరతులలో కౌన్సిల్ ఎన్నికలను ప్రాధాన్య ఓటు పద్ధతికి మార్చడం ఒకటి. లేబర్ కౌన్సిలర్లు ఎంతమంది మొత్తుకున్నా 2004లో చట్టం అయింది, 2007 మే 3న తొలిసారి అమలయింది. ఆ ఎన్నికలో గ్లాస్గోలో అవే 79 స్థానాలకు లేబర్‌కు 45, ఎస్‌ఎన్‌పీకి 22, గ్రీన్‌లకు 5, లిబరల్ డెమోక్రాట్‌లకు 5, కన్సర్వేటివ్‌లకు 1, సాలిడారిటీ అనే చిన్న పార్టీకి 1 వచ్చాయి. లేబర్ ఓట్లు పడిపోయింది నాలుగు శాతం చిల్లర, స్థానాలు పడిపోయింది 26. స్కాట్లాండ్ మొత్తంలో లేబర్‌కు సొంత మెజారిటీ మిగిలింది గ్లాస్గో, నార్త్ లానార్క్‌షైర్ రెండింటిలోనే.

కృష్ణాతీరం:
అందరికీ కృతజ్ఞతలు. ఈ కొత్త పద్ధతిలో ఓటు ఎలా లెక్కిస్తారో కూడా చెప్పగలరా? ఇంకో సందేహం: విద్యార్థి వీసా మీద ఉన్న నాబోటివారికి ఇక్కడి కౌన్సిల్ ఎన్నికలలో ఓటు ఉంటుందని ఒక మిత్రుడు అన్నాడు. నాకు నమ్మకం కలగలేదు.

అరసవల్లి:
మీ మిత్రుడు చెప్పింది నిజం. భారతదేశం కామన్వెల్త్ దేశం కాబట్టి, చట్టబద్ధంగా ఇక్కడ నివసిస్తున్న భారత పౌరులకు కౌన్సిల్ ఎన్నికలలోనే కాదు, స్కాటిష్ పార్లమెంటు, వెస్ట్‌మిన్‌స్టర్ (బ్రిటన్ పార్లమెంటు) ఎన్నికలలో కూడా ఓటు హక్కు ఉంది. స్కాట్లాండ్‌లో కౌన్సిల్, స్కాటిష్ పార్లమెంటు ఎన్నికలకు వయసు 16 నిండితే చాలు. మీ చిరునామా మీద ఓటరుగా నమోదు చేసుకోవడం మాత్రం మీ బాధ్యత, అది దానంతట అది జరగదు. వెస్ట్‌మిన్‌స్టర్ ఎన్నికకు ఫొటో గుర్తింపు పత్రం చూపాలి గానీ కౌన్సిల్ ఎన్నికకు అక్కరలేదు. ఎడిన్‌బరోలో మన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నా, ఈ హక్కు ఉందని తెలియక నమోదు చేసుకోనివారిని ఎందరినో చూశాను.

లెక్కలరాజు:
మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటు వేసి ఉంటే మీకు సగం తెలిసినట్టే. అభ్యర్థుల పేర్ల ఎదుట 1, 2, 3 అని ప్రాధాన్యం రాస్తారు. ఒక్కరికి రాసి ఊరుకున్నా ఓటు చెల్లుతుంది. తేడా ఏమిటంటే, ఎమ్మెల్సీకి ఒక్క స్థానమే, ఇక్కడ వార్డుకు సాధారణంగా ముగ్గురు లేదా నలుగురు సభ్యులు. ఆ విధంగా ఇది రాజ్యసభ ఎన్నికకు దగ్గర.

ఒక ఊహా వార్డు తీసుకుందాం. చెల్లిన ఓట్లు 6,000, స్థానాలు 4. స్థానాల సంఖ్యకు ఒకటి కలిపి ఓట్లను భాగించి, వచ్చినదానికి ఒకటి కలిపితే కోటా: 1,201. అది అందుకున్నవారు ఎన్నికైనట్టు. వారికి కోటాకు మించి వచ్చిన ఓట్లను, ఆ ఓటర్ల తదుపరి ప్రాధాన్యం ప్రకారం భిన్నాలుగా ఇతరులకు పంచుతారు. ఇంకా స్థానాలు మిగిలితే అందరికంటే వెనుకబడిన అభ్యర్థిని తొలగించి ఆ ఓట్లు బదిలీ చేస్తారు. స్కాట్లాండ్ వాడే లెక్కలో దశాంశాల దాకా పోవాలి కాబట్టి 2007 నుంచి పత్రాలను యంత్రాలతో స్కాన్ చేసి కంప్యూటర్‌తోనే లెక్కిస్తున్నారు.

2007లో అదే రోజున స్కాటిష్ పార్లమెంటు ఎన్నిక కూడా పెట్టారు. అక్కడ గుర్తు వేయాలి, ఇక్కడ అంకెలు రాయాలి. పార్లమెంటు పత్రాలు లక్షకు పైగా చెల్లకుండా పోయాయి. విచిత్రంగా, కష్టమనుకున్న కౌన్సిల్ పత్రాలలో చెల్లనివి రెండు శాతం కూడా లేవు. విచారణ జరిపిన కెనడా నిపుణుడు రాన్ గూల్డ్ రెండు ఎన్నికలనూ వేరు చేయాలని సూచించడంతో తరువాతివి 2012, 2017, 2022లో విడిగా జరిగాయి. విడిగా పెట్టేసరికి ఓటింగ్ 2012లో 40 శాతం లోపుకు పడిపోయింది. 2017, 2022లో మళ్లీ సగానికి చేరువగా వచ్చింది.

లోపం లేదని అనను. పేర్లు అక్షర క్రమంలో ఉంటాయి కాబట్టి, ఒకే పార్టీ ఇద్దరిని నిలబెడితే పైన పేరున్నవారికి మొదటి ప్రాధాన్యం పడుతుంది, కింద ఉన్నవారు ఓడిపోతారు. ఇంటిపేరు డబ్ల్యూతో మొదలయ్యేవారికి ఇది అన్యాయమే.

ఓరుగల్లు:
పద్ధతి న్యాయంగానే ఉంది. మరి ఫలితం? 2022లో ఎడిన్‌బరోలోని 63 స్థానాలలో ఎస్‌ఎన్‌పీకి 19, లేబర్‌కు 13, లిబరల్ డెమోక్రాట్‌లకు 12, గ్రీన్‌లకు 10, కన్సర్వేటివ్‌లకు 9. పాలన ఎవరికి దక్కింది? 13 స్థానాల లేబర్‌కు. లిబరల్ డెమోక్రాట్‌లు, కన్సర్వేటివ్‌లు మద్దతు ఇచ్చారు. 2017లో అబర్డీన్‌లో కన్సర్వేటివ్‌లతో కలిసినందుకు తొమ్మిది మంది లేబర్ కౌన్సిలర్లను సొంత పార్టీయే సస్పెండ్ చేసింది. మొదటి స్థానంలో వచ్చినవారు బయట కూర్చోవడం 1977లో జరిగితే కృష్ణాతీరం గారు ఆశ్చర్యపోయారు. ఇప్పుడు అదే మామూలు అయింది. ఓటరు ఒకటి కోరితే బేరాల గదిలో మరొకటి తేలుతోంది.

పాతపేట పంతులు:
రెంటికీ తేడా ఉంది. 1977లో ఎవరికీ మెజారిటీ రాకపోవడం అనుకోని సంఘటన. పార్టీలకు కలిసి పనిచేసే అలవాటు లేదు, అలా చేయవలసి వస్తుందన్న ఊహ కూడా లేదు. మళ్లీ ఎన్నిక వస్తే మెజారిటీ తమదేనన్న ధీమాతో లేబర్ వేచి చూసింది, 1980లో ఆ ధీమా నిజమైంది కూడా. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. వచ్చే ఎన్నికలో అంతా తుడిచిపెడతామని ఏ పార్టీ అనుకోలేదు కాబట్టి, ఇష్టం లేకపోయినా పొరుగువారితో మాట్లాడక తప్పదు. 2022లో గ్లాస్గోలో ఎస్‌ఎన్‌పీకి 37, లేబర్‌కు 36, గ్రీన్‌లకు 10, కన్సర్వేటివ్‌లకు 2. పాత పద్ధతిలో ఆ నగరంలో ఇంత దగ్గరి పోటీ సభలో కనిపించేదే కాదు. పైగా సొంత మెజారిటీ అసాధ్యమేమీ కాదు. అదే ఏడాది వెస్ట్ డన్‌బార్టన్‌షైర్‌లో లేబర్, డండీలో ఎస్‌ఎన్‌పీ మెజారిటీ తెచ్చుకున్నాయి.

జిల్లాల చివరి ఘట్టం చెప్పకపోతే కృష్ణాతీరం గారి వ్యాసానికి లోటు. చివరి జిల్లా ఎన్నికలు 1992 మే 7న, కన్సర్వేటివ్ ప్రధాని జాన్ మేజర్ అనూహ్యంగా గెలిచిన సాధారణ ఎన్నికకు నెల లోపే జరిగాయి. లేబర్ ఓటు 34 శాతానికి తగ్గింది, ఎడిన్‌బరోలో మెజారిటీ పోయింది. కన్సర్వేటివ్‌లు కాస్త పుంజుకున్నారు. ఆ ధైర్యంతోనే రెండు అంచెలనూ రద్దు చేసే చట్టాన్ని 1994లో తెచ్చారు. కొత్త సరిహద్దులు తమకు అనుకూలంగా గీసుకున్నారని, ముఖ్యంగా ఈస్ట్ రెన్‌ఫ్రూషైర్, స్టిర్లింగ్ వంటి చోట్ల, ప్రతిపక్షాలు ఆరోపించాయి. నీటి సరఫరాను కౌన్సిళ్ల నుంచి తీసివేయబోతుంటే 1994 మార్చిలో స్ట్రాత్‌క్లైడ్ రీజియన్ తపాలా ద్వారా ప్రజాభిప్రాయం అడిగింది. 70 శాతానికి పైగా ఓటర్లు పాల్గొని, వారిలో 97 శాతం వద్దన్నారు. ప్రభుత్వం వినలేదు. 1995 ఏప్రిల్ 6న కొత్త 29 కౌన్సిళ్లకు ఎన్నికలు జరిగితే కన్సర్వేటివ్‌లకు ఒక్కటి కూడా దక్కలేదు. 1996 ఏప్రిల్ 1న జిల్లాలు, రీజియన్లు రెండూ అంతరించాయి.

క్లైడ్‌గట్టు:
సరిహద్దులు ఎలా గీసినా ఒక్కటీ రాలేదన్నమాట. ఓరుగల్లు గారూ, ఈ ఒక్క ఎన్నికను మాత్రం మీకే వదిలేస్తున్నాను. అది నూటికి నూరు పాళ్లు లండన్ మీద తీర్పే.

కృష్ణాతీరం:
నా వ్యాసానికి దారి దొరికింది. 1977, 1980 ఫలితాలను పక్కపక్కన పెట్టి, ఒకవైపు పంతులు గారు చెప్పిన కాలక్రమం, మరోవైపు క్లైడ్‌గట్టు గారు చెప్పిన ఇళ్ల సంగతి రాస్తాను. వార్డుల వారీ ఫలితాల కోసం మిచెల్ గ్రంథాలయంలోని నగర అభిలేఖాగారానికి వెళ్లబోతున్నాను. చివరగా ఒక సందేహం: ఇప్పుడు నలుగురు సభ్యులున్న వార్డులో ఒకరు మరణిస్తే ఆ స్థానం ఆ పార్టీకే వెళుతుందా?

లెక్కలరాజు:
వెళ్లదు. ఉప ఎన్నిక పెడతారు. అక్కడా 1, 2, 3 అని ప్రాధాన్యం రాయడమే గానీ, స్థానం ఒక్కటే కాబట్టి కోటా సగానికి పైన ఉంటుంది. వార్డు మొత్తం ఓటు వేస్తుంది. దీనివల్ల, నలుగురిలో నాలుగో స్థానం దక్కించుకున్న చిన్న పార్టీ సభ్యుడు పోతే ఆ స్థానం సాధారణంగా వార్డులో బలమైన పార్టీకి పోతుంది. వార్డుల వారీ లెక్కలు దొరికాక 1977లో ఎస్‌ఎన్‌పీ గెలిచిన ఆ 16 వార్డులలో ఎన్నింటిలో గెలుపు 40 శాతం లోపు ఓట్లతో వచ్చిందో చూసి ఇక్కడ రాయండి. ఓరుగల్లు గారికీ క్లైడ్‌గట్టు గారికీ మధ్య తగువు అక్కడే కొంత తేలుతుంది. పెద్ద కౌన్సిల్ కాలనీలున్న వార్డులు ఆ జాబితాలో ఎన్ని ఉన్నాయో కూడా గుర్తు పెట్టండి.